గీతలకి కూడా డబ్బులా?

బేరమాడటం మన ఆడవాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య అని మగవాళ్ళు ఎగతాళి చేస్తూ ఉంటారు. చేస్తే చేయనివ్వండి. నిజమే కదా! కొత్తిమీర కట్ట దగ్గర మొదలుపెట్టి పట్టుచీర దాకా మనం ఆడని బేరం లేదు. షాపువాడు చెప్పిన ధరలో సగానికి అడిగి, అతను 'గిట్టదమ్మా' అంటే మొహం చిట్లించి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి నాలుగడుగులు వేసి, వెనకనుంచి 'రాండమ్మా, రాండి' అనే పిలుపు కోసం చెవులు రిక్కించే కళ ఏ కాలేజీలోనూ నేర్పరు.

కానీ ఒక్క మాట ఆలోచించండి. ఇదంతా కొనేటప్పటి పాండిత్యం. మన చేతి పనికి మనమే ధర చెప్పాల్సి వస్తే ఈ పాండిత్యం ఎక్కడికి పోతుంది? పక్కింటావిడ "మీ చేతి ఆవకాయ అమృతం వదినా, మా అమ్మాయికి రెండు కేజీలు పెట్టివ్వరూ, ఎంతయితే అంత ఇస్తాను" అంటుంది. "అయ్యో, మీ దగ్గర డబ్బులేమిటండీ!" అనేస్తాం. కాయల ఖర్చు, నూనె ఖర్చు మనదే. నడుం నెప్పి సరేసరి. కుట్టు వచ్చిన ఆవిడకి చుట్టుపక్కల జాకెట్లన్నీ ఉచితం. సంగీతం వచ్చినావిడకి పేరంటాలన్నీ ఉచితం. డబ్బు అడిగితే మర్యాద పోతుందని భయం, అడక్కపోతే లోపల మంట. ఇదీ మన పరిస్థితి.

ఈ సంగతి నాకు ఇంత బాగా తెలియడానికి కారణం మా కోడలు. ఆ అమ్మాయి ఆర్కిటెక్టు. ఇళ్ళకీ, షెడ్లకీ ప్లాన్లు వేస్తుంది. ఆమె ఆఫీసు మా ఇంటి ముందుగదే. అంటే నా వంటింటికీ ఆమె బేరాలకీ మధ్య ఒక్క కర్టెను అడ్డం. చాటుగా వినాలని నాకేమీ కోరిక లేదు సుమండీ, కానీ కందిపప్పు ఏరుకుంటున్న మనిషి చెవుల్లో దూది పెట్టుకోలేదు కదా!

మేముండేది పటాన్‌చెరులో, బొంబాయి రోడ్డుకి దగ్గరగా. మావారు రామచంద్రాపురం భెల్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను కాపరానికి వచ్చిన 1981లో ఇది మెదక్ జిల్లా. అంతకు ముందు ఏడే ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకి గెలిచారు. 1972లో వచ్చిన ఇక్రిశాట్ వారి జొన్న చేలు దాటితే అప్పట్లో చీకటి పడ్డాక ఆడవాళ్ళం అటు వెళ్ళేవాళ్ళం కాదు. ఇప్పుడు ఇస్నాపూర్ చౌరస్తాలో రోడ్డు దాటాలంటే దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. పాశమైలారం, బొల్లారం వైపు షెడ్డు పక్కన షెడ్డు. మందులు చేసేవి, ఇనుము కరిగించేవి, అట్టపెట్టెలు చేసేవి, బిస్కెట్లు చేసేవి. 2016లో సంగారెడ్డి వేరే జిల్లా అయింది. కంది దగ్గర ఐఐటి వెలిసింది. ఇన్ని కట్టడాలు లేస్తుంటే ప్లాన్లు వేసేవాళ్ళకి పనికి లోటేముంది అనుకుంటాం. పనికి లోటులేదు. వచ్చిన చిక్కల్లా డబ్బు దగ్గరే.

"గీతలకు గూడ ఇంత పైసలా మేడం? కంప్యూటరే గద గీసేది!"

ఈ మాట మా ముందుగదిలో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అన్న మనిషి చెడ్డవాడూ కాదు, పిసినారీ కాదు. కొడుకు పెళ్ళికి పాతిక లక్షలు ఖర్చు పెట్టినాయనే. సిమెంటు బస్తాకి డబ్బు ఇస్తే బస్తా కనిపిస్తుంది. ఇనుముకి ఇస్తే లారీ వచ్చి ఇంటిముందు ఆగుతుంది. ఆర్కిటెక్టుకి ఇస్తే నాలుగు కాగితాల చుట్ట వస్తుంది. అందులో ఏముందో తెలియాలంటే ఇల్లు కట్టి, ఆ ఇంట్లో ఉండి, మే నెల మధ్యాహ్నం పడమటి గోడ వేడి వంటింట్లోకి రానప్పుడు తెలుస్తుంది. రానిదానికి ఎవరైనా డబ్బిస్తారా చెప్పండి! కురవని కప్పుకీ, జారని మెట్టుకీ, అంటుకోని మంటకీ రసీదు ఉండదు. మన ఇంటి చాకిరీ లాంటిదే ఇది. చేసినన్నాళ్ళూ ఎవరికీ కనబడదు. ఒక్కరోజు మానితే ఊరంతటికీ కనబడుతుంది.

ఇంకో తమాషా వినండి. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి మొదట అడిగే ప్రశ్న "సార్ లేరా?" అని. సారు అంటే మా అబ్బాయి. వాడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు, గోడకి మేకు కొట్టమంటే బొటనవేలు కొట్టుకుంటాడు. ఒకసారి ఒకాయన అరగంటసేపు అమ్మాయి చెప్పింది విని, లెక్కల దగ్గరికి వచ్చేసరికి నిక్కరు వేసుకుని పేపరు చదువుకుంటున్న మావాడి వైపు తిరిగి "మీరు చెప్పుండ్రి సార్, ఫైనల్‌గ ఎంతకు చేస్తరు?" అన్నాడు. మావాడు లేచి నిలబడి, "టీ తాగుతారా అండీ? నేను పెట్టేది అదొక్కటే" అని వంటింట్లోకి వచ్చేశాడు. ఆనాటినుంచీ నా కొడుకు మీద నాకు గౌరవం పెరిగింది.

మా అమ్మాయిది సంగారెడ్డే. హైదరాబాదు మాసాబ్‌ట్యాంక్ కాలేజీలో అయిదేళ్ళు చదివింది. ఆర్కిటెక్టు అని బోర్డు పెట్టుకోవాలంటే 1972 నాటి చట్టం ప్రకారం ఢిల్లీలోని ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. అదీ అయింది. "అయిదేళ్ళల్ల గోడలు లేపుడు నేర్పిన్రు, కప్పులు నిలబెట్టుడు నేర్పిన్రు అత్తమ్మా, పైసలు అడుగుడు మాత్రం ఎవ్వరూ నేర్పలే" అంటుంది. ఆ విద్య ముందుగదిలోనే, మా కళ్ళముందే నేర్చుకుంది. నేను చూసినంతలో ఆ విద్యకి నాలుగే మెట్లు.

మొదటిది, ధర చెప్పి ఊరుకోవడం.

వినడానికి ఎంత సులువో చూశారా! చేయడం మహా కష్టం. పాశమైలారం దగ్గర చిన్న ప్యాకింగ్ పరిశ్రమ పెట్టుకుంటున్న ఒకాయన వచ్చాడు. కింద యంత్రాలు, పైఅంతస్తులో ఆడవాళ్ళు కూర్చుని పొట్లాలు కట్టే హాలు. అమ్మాయి అంతా విని, రెండు రోజులు లెక్కలు వేసుకుని, "నాలుగు లక్షలు అయితదండి" అంది. అని నోరు మూసుకుంది. ఆయన మాట్లాడలేదు. గోడగడియారం చప్పుడు నా పోపుల డబ్బా దాకా వినిపించింది. నాకు చెమట్లు పోశాయి. 'పోనీ మూడున్నర' అని నేనే కర్టెను వెనకనుంచి అరిచేస్తానేమో అనిపించింది! మనం అలాగే చేస్తాం కదా. "ట్యూషన్‌కి నెలకి వెయ్యి" అంటాం, ఎదుటివాళ్ళు ఊపిరి పీల్చుకునేలోగా "ఇబ్బందైతే ఎనిమిది వందలివ్వండి, పర్వాలేదు" అంటాం. అవతలివాళ్ళు అడగకుండానే మన బేరం మనమే ఆడేసుకుంటాం. అమ్మాయి ఆ పని చేయలేదు. ధర చెప్పడం తన వంతు, ఆలోచించుకోవడం ఆయన వంతు. ఆయన వంతు ఆయనకి వదిలేసింది.

రెండో మెట్టు ఇంకా ముఖ్యం. ఆయన గొంతు సవరించుకుని "రెండున్నర చేసుకోండి మేడం, మీరు గూడ కొత్తగ పెట్టిన్రు, మా తోని నాలుగు పనులొస్తయి" అన్నాడు. అమ్మాయి కోప్పడలేదు. 'కుదరదు' అనీ అనలేదు. ఒక కాగితం ఆయన ముందు పెట్టింది. అందులో చేయబోయే పనులన్నీ వరసగా రాసి ఉన్నాయి. అనుమతులకి ఇచ్చే ప్లాన్లు, మేస్త్రికి ఇచ్చే పెద్ద డ్రాయింగులు, కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టాలు పోయే దారులు, ఇనుము సిమెంటు లెక్కలు, వారానికోసారి వెళ్ళి పని చూడటం, గేటు, ప్రహరీ, తోట, ఆయన గది అలంకరణ, బ్యాంకువాళ్ళకి చూపించుకోడానికి రంగుల బొమ్మలు. ఒక్కొక్కదాని పక్కన దాని ఖరీదు.

"తగ్గిస్తనండి. గని ఇండ్లకెల్లి ఏం తీసెయ్యాల్నో మీరే చెప్పుండ్రి."

అదండీ కిటుకు! పని అంతే ఉంచి ధర తగ్గిస్తే, మొదట చెప్పిన ధర అబద్ధమన్నమాట. ఎదుటివాడికి అనుమానం రావడం న్యాయమే. పని తగ్గించి ధర తగ్గిస్తే ఇద్దరి మాటా నిలుస్తుంది. ఆయన కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. కరెంటు గొట్టాల మీద వేలు పెట్టాడు, తీసేశాడు. వారానికోసారి చూడటం మీద పెట్టాడు, తల అడ్డంగా ఊపుకున్నాడు. చివరికి తోట, తన గది అలంకరణ, రంగుల బొమ్మలు కొట్టేశాడు. అరవై వేలు తగ్గింది. మూడు లక్షల నలభై వేలకి ఇద్దరూ సంతకాలు పెట్టారు. చిత్రమేమిటంటే, ఆ కాగితం చదివిన తరవాతే ఆయనకి గీతల్లో ఏముందో తెలిసింది. ఆ పూట మళ్ళీ 'గీతలే కదా' అనలేదు.

ఆ డబ్బు కూడా పని అంతా అయ్యాక ఒకేసారి ఇచ్చేది కాదు. మొదలుపెట్టేటప్పుడు కొంత, మొదటి ప్లాను నచ్చాక కొంత, అనుమతికి ఇచ్చేటప్పుడు కొంత, ఇలా మెట్టుకింత. ఇది మా అమ్మాయి కనిపెట్టింది కాదు, కౌన్సిల్‌వారు ప్రకటించిన పద్ధతే అట. పాత రోజుల్లో పశువుల సంతలో కండువా కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకునేవాళ్ళు, మూడోవాడికి తెలియకుండా. ఎద్దు బేరం అయిదు నిమిషాల్లో ముగిసిపోతుంది కాబట్టి అది చెల్లింది. ఏడాదిపాటు సాగే కట్టడానికి కండువా చాలదు, కాగితం కావాలి. అప్పుడే రేపు మనస్పర్ధ వచ్చినా మనుషుల మీదికి పోకుండా కాగితం మీద ఆగుతుంది.

మధ్యలో ఒక చిన్న ముచ్చట చెప్పి మూడో మెట్టుకి వస్తాను. ఒక దుకాణం తాలూకు కుర్రాడు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి, "మీ పార్టీలను మా దగ్గరికి పంపుండ్రి మేడం, మీ పర్సెంటు మీకు ముట్టుతది" అన్నాడు. అమ్మాయి డబ్బా వెనక్కి ఇచ్చేసింది. పనులు ఇప్పించినందుకు కమిషన్లు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని ఆర్కిటెక్టుల నడవడిక గురించి 1989లో చేసిన నిబంధనల్లోనే ఉందట. నేను "మైసూరుపాకు అయినా ఉంచాల్సింది" అన్నాను. "అది తింటే రేపు నా ధర నేను గట్టిగ చెప్పలేను అత్తమ్మా" అంది. ఆలోచిస్తే నిజమే. ఇంకోచోటనుంచి రహస్యంగా వచ్చేది ఉన్నప్పుడు ఎదురుగా అడగాల్సింది అడగడానికి గొంతు రాదు.

ఇక మూడో మెట్టు. 'ఏం కావాలి' అని కాకుండా 'ఎందుకు కావాలి' అని అడగడం.

అమెరికాలో మేరీ పార్కర్ ఫాలెట్ అని ఒకావిడ ఉండేది. 1868లో పుట్టి 1933లో పోయింది. మనుషులు తగువులు ఎలా తీర్చుకోవాలా అని జన్మంతా ఆలోచించిన మనిషి. ఆవిడ చెప్పిన ఒక చిన్న సంగతి ఇప్పటికీ పుస్తకాల్లో చెప్పుకుంటారు. హార్వర్డ్ లైబ్రరీలో ఒక చిన్న గదిలో చదువుకుంటున్నారు. ఒకరికి కిటికీ తెరవాలని, ఈవిడకి మూయాలని. సగం తెరిస్తే ఇద్దరికీ తృప్తి ఉండదు. ఎందుకు అని ఆలోచిస్తే, అవతలివారికి కావలసింది కొత్తగాలి. ఈవిడకి అక్కర్లేనిది మీద కొట్టే గాలి. ఎవరూ లేని పక్కగదిలో కిటికీ తెరిచారు. ఇద్దరి పనీ అయింది. కిటికీ కోసం పోట్లాడుకునే ఇల్లు లేనిదెక్కడ చెప్పండి? ఫ్యాను గురించి మావారికీ నాకూ నలభై ఏళ్ళుగా సాగుతున్న యుద్ధానికి ఈ మందు కాస్త ఆలస్యంగా దొరికింది, అంతే.

మన ప్యాకింగ్ పరిశ్రమాయన నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఈసారి డబ్బు గొడవ కాదు. పైఅంతస్తు హాలుకి అమ్మాయి రెండువైపులా మెట్లు పెట్టింది. వెనకవైపు మెట్లు తీసెయ్యమన్నాడు. "అనుమతి కాగితం మీద ఉండనియ్యుండ్రి. కట్టేటప్పుడు ఇడిసిపెడదాం. ఎవరు చూస్తరు?" అన్నాడు.

ఇక్కడ నేను మా సంగారెడ్డి గొప్ప ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో 1796లో కట్టిన జైలు ఉంది. 2016లో దాన్ని మ్యూజియం చేసి, అయిదువందలు కడితే ఒకరోజు ఖైదీలా ఉండిరావచ్చని ప్రకటిస్తే దేశమంతా చెప్పుకున్నారు. జైలు కట్టినవాడి తెలివంతా లోపలివాడికి బయటి దారి దొరక్కుండా చేయడంలో ఉంటుంది. ఫ్యాక్టరీ కట్టేవాడి తెలివి దానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. 2016లో వెలువడిన జాతీయ భవన నియమావళి ప్రకారం మామూలు పరిశ్రమలో ఏ మనిషీ బయటి దారి చేరడానికి 45 మీటర్లకి మించి నడవాల్సి రాకూడదట. మంటలకి, పేలుళ్ళకి అవకాశం ఎక్కువున్న చోట 22.5 మీటర్లే. పొగలో మనిషి ఎంత దూరం పోగలడో లెక్క చూసి పెట్టిన అంకెలు అవి. ఒక్కటే మెట్లదారి ఉండి, మంట ఆ మెట్ల దగ్గరే పుడితే ఇంకేముంది?

అమ్మాయి ఈ అంకెలు ఆయనకి చెప్పింది. అయినా వాటితోనే ఆయన నోరు మూయించలేదు. "మెట్లు తీసి ఆ జాగల ఏం పెడ్తరు?" అని అడిగింది. బస్తాలు పెట్టుకుంటాడట. వానకి తడుస్తున్నాయట. "ఎన్ని బస్తాలు?" నెలకి సరిపడా. "నెలవి ఎందుకు, వారం వారం తెచ్చుకోరాదా?" లారీ నిండా తీసుకుంటేనే ధర కలిసివస్తుందట. "బస్తాలు ఎంత ఎత్తు పేరుస్తరు?" మనిషెత్తు. షెడ్డు కింది భాగం ఇరవై అడుగుల ఎత్తు.

నేను వంటింట్లో ఎగిరి గంతేసినంత పని చేశాను. అటక! మన ఇళ్ళల్లో ఏడాది సరిపడా చింతపండూ, పనసచెక్కలాంటి పాత పెట్టెలూ, పెళ్ళినాటి గంగాళాలూ ఎక్కడ పెడతాం? నేల మీద చోటు లేకపోతే తల పైన చూస్తాం. అమ్మాయి కూడా అదే గీసి చూపించింది. ఇనుప కమ్మీలతో రెండంతస్తుల అర, బస్తాలు ఎక్కించి దించడానికి చిన్న బండి. ఆయన అనుకున్న చోటులో సగంలోనే నెల సరుకంతా పట్టింది. వెనకవైపు మెట్లు ఉండిపోయాయి. ఆయన అరల ఖర్చూ, మెట్ల ఖర్చూ కూడుకుని కాస్త గొణిగాడు. గొణగడానికి ఎవరికైనా హక్కుంది. మెట్లు మాత్రం కట్టించాడు.

ఆయన 'మెట్లు వద్దు' అన్నప్పుడు అమ్మాయి 'మెట్లు ఉండాల్సిందే' అని భీష్మించుకుంటే ఏమయ్యేది? ఆయన సరేనని వెళ్ళి, ఇంకోచోట ఇంకొకరి చేత తీయించుకునేవాడు. ఆయనకి కావలసింది మెట్లు లేకపోవడం కాదు, బస్తాలు తడవకపోవడం. ఆ సంగతి తెలిసేదాకా బేరం మొదలే కాలేదన్నమాట.

అయితే అన్ని బేరాలూ ఇలా మంగళహారతితో ముగియవు. నాలుగో మెట్టు చేదుది. కాదని లేచిపోగలగడం.

ఒకాయన వచ్చాడు. కట్టడం అప్పటికే సగం లేచి ఉంది. ప్లాను ఎవరో వేశారు, ఎలాగో వేశారు. "మీరు ఏం గియ్యొద్దు మేడం. సంతకం పెడితే చాలు. సంతకానికి ఎంత?" అన్నాడు. ఆయన తనంతట తనే చెప్పిన అంకె, అమ్మాయి రెండు నెలలు కష్టపడితే వచ్చేది. ఆ నెల చేతిలో పనుల్లేవు. దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లలకి జీతాలివ్వాలి. స్కూలు ఫీజు నోటీసు బల్ల మీదే ఉంది. ఇక్కడ బేరానికి చోటేది? చూడని కట్టడానికి సంతకం సగం ధరకి పెట్టినా తప్పే, రెట్టింపు ధరకి పెట్టినా తప్పే. అమ్మాయి లేచి నిలబడి, చేతులు జోడించి, "నాతోని గాదండి" అంది. ఆయన పోతూ పోతూ "మీరు గాకుంటే ఇంకొగలు" అన్నాడు. ఆ మాట నిజం కూడాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. అంట్లు సర్దుతుంటే అమ్మాయి నాకో సంగతి చెప్పింది. వచ్చిన ప్రతి ఫీజులోంచీ కొంత తీసి వేరే ఖాతాలో వేస్తుందట. పిల్లల జీతాలకి మూడు నెలలు సరిపడా. "ఇది కాదని చెప్పే పైసలు అత్తమ్మా" అంది. నాకు నవ్వొచ్చింది. మా అమ్మ పోపుల డబ్బాలో, మెంతుల అడుగున దాచుకున్న పదిరూపాయల నోట్లు గుర్తొచ్చాయి. ఆ నోట్లు ఉన్నన్నాళ్ళూ మా అమ్మ ఎవరి దగ్గరా తల వంచలేదు. హార్వర్డ్‌వాళ్ళే 1981లో బేరాల మీద ఒక పుస్తకం వేశారు. బేరం చెడితే నీకు ఇంకేం దారి ఉందో ముందే చూసుకుని కూర్చో అన్నది అందులో ముఖ్యమైన పాఠమట. పోపుల డబ్బా అంటే వాళ్ళకి తెలియదు, పాపం.

పెద్దపెద్దవాళ్ళకి కూడా ఈ చేదు తప్పలేదు. సిడ్నీలో సముద్రం ఒడ్డున తెరచాపల్లాంటి ఒపెరా హౌసు బొమ్మ మీరూ కాలెండర్లలో చూసే ఉంటారు. దాన్ని ఊహించిన డెన్మార్క్ ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జన్. కట్టడం సగంలో ఉండగా ప్రభుత్వంతో మాట పడక, రావలసిన డబ్బు ఆగిపోయి, 1966లో పని వదిలేసి వెళ్ళిపోయాడు. 1973లో భవనం తెరిచారు. తన చేతుల్లో పుట్టిన ఆ కట్టడం పూర్తయ్యాక ఆయన ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు. 2003లో ఆర్కిటెక్టులకి ఇచ్చే అతిపెద్ద బహుమతి ఆయనకి ఇచ్చారు. అంత ప్రతిభ ఉన్నవాడికే బల్ల దగ్గర మాట తెగిపోతే, మా ముందుగది ఎంత!

ఇంతవరకూ చెప్పిందంతా బల్లకి ఇటూ అటూ కూర్చున్నవాళ్ళ గురించి. కానీ కట్టడాల బేరంలో ఇంకొకళ్ళు ఉంటారు. వాళ్ళకి ఆ బల్ల దగ్గర కుర్చీ ఉండదు.

మా ఇంట్లో గిన్నెలు తోమి, బట్టలుతికే మనిషి కూతురు పాశమైలారం వైపే ఒక యూనిట్‌లో ప్యాకింగ్‌కి వెళ్తుంది. 2025 జూన్ 30న అక్కడ ఒక మందుల పరిశ్రమలో పేలుడు జరిగింది. నలభైమందికి పైగా పోయారు. చాలామంది ఎక్కడెక్కడినుంచో పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు. కొందరి ఆనవాళ్ళు కూడా ఇంటివాళ్ళకి దక్కలేదు. ఆ ప్రమాదం వేరు, దాని కారణాలు వేరు. మా గదిలో జరిగిన మెట్ల బేరానికీ దానికీ ముడిపెట్టే చదువు నాకు లేదు. నేను చెప్పేది ఆరోజు మా వంటింటి గుమ్మంలో జరిగింది మాత్రమే.

కూతురి ఫోను కలిసేదాకా ఆ మనిషి గుమ్మానికి ఆనుకుని కూలబడిపోయి ఉంది. కూతురు పనిచేసేది వేరే చోట, క్షేమంగా ఉంది. ఫోను పెట్టేసి, కొంగుతో మొహం తుడుచుకుని, చాలాసేపు ఊరుకుని, మా అమ్మాయిని ఒక మాట అడిగింది.

"చిన్నమ్మా, ఆ బస్తాల సారు రెండో మెట్లు కట్టిండా?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. గదిలో బేరం జరుగుతుంటే కర్టెను వెనక నేనొక్కదాన్నే వింటున్నానా? నా వెనక తోముతున్న గిన్నె చప్పుడు ఆపి ఆవిడా విందన్నమాట. ఆ షెడ్డులో పొట్లాలు కట్టేది తన కూతురు కాదు, ఇంకెవరి కూతురో. అయినా ఆ మెట్లు ఎవరివో ఆవిడకి తెలుసు.

"కట్టిండక్కా" అంది అమ్మాయి. "నేనే ఎక్కి దిగి చూసిన."

అప్పుడు నాకు అర్థమైంది. గేటు తగ్గించుకోవచ్చు, తోట తగ్గించుకోవచ్చు, రంగుల బొమ్మలు మానుకోవచ్చు, మన లాభంలోంచి కూడా కాస్త వదులుకోవచ్చు. అవన్నీ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళవి. అక్కడ లేనివాళ్ళ ప్రాణం తీసి బేరంలో పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఏది వదలచ్చో, ఏది వదలకూడదో ముందే గీత గీసుకుని కూర్చున్న మనిషే మెత్తగా, నవ్వుతూ బేరమాడగలదు. గీత తెలియనివాళ్ళే అరుస్తారు, లేకపోతే అన్నిటికీ తలూపుతారు. మా అమ్మాయి గీసేవాటిలో ఖరీదైనది ఆ గీతేనేమో అని నాకిప్పుడు అనిపిస్తుంది.

కనక మీ అమ్మాయో, కోడలో, చెల్లెలో తన చదువుని, చేతిపనిని నమ్ముకుని బోర్డు కట్టుకుంటే, 'ఆడపిల్లవి, డబ్బు గురించి అంత నిక్కచ్చిగా ఏం మాట్లాడతావులే' అని మాత్రం అనకండి. ధర చెప్పి ఊరుకోమనండి. పనులు కాగితం మీద రాసుకోమనండి. ఎందుకని అడగమనండి. పోపుల డబ్బాలో కాస్త దాచుకోమనండి. తక్కిన బేరం వాళ్ళకి ఎలాగూ వచ్చు, మన పిల్లలేగా!

ఈ విద్య అంటువ్యాధిలాంటిదని మాత్రం ముందే హెచ్చరిస్తున్నాను. మొన్న ఒకటో తారీఖున మా పనిమనిషి జీతం పెంచమంది. ధరలు, నెలాఖరు, మావారి పెన్షను అన్నీ ఏకరువు పెట్టి "వచ్చే నెల చూద్దాంలే" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. కొంగు బొడ్లో దోపుకుని, నా మొహంలోకి తిన్నగా చూసి, నిదానంగా అంది:

"జీతం అంతనే ఉండనియ్యుండ్రి అమ్మా. గని గిన్నెలు, బట్టలు, ఇల్లు తుడుసుడు, అంగట్లకెల్లి కూరగాయలు... ఇండ్లకెల్లి ఏం తీసెయ్యాల్నో మీరే చెప్పుండ్రి."

చెప్పి ఊరుకుంది. గోడగడియారం చప్పుడు మళ్ళీ వినిపించింది. నేను ఒక్కొక్కదాని మీదా మనసులోనే వేలు పెట్టి చూశాను. ఏదీ తీసేయడానికి మనసొప్పలేదు.

పెంచేశానండీ.